చిల్లులు ఎక్కువైతే డ్యాంపింగ్ తగ్గుతుందా? మెమ్స్ పలకల కింద గాలి: అపోహలు - వాస్తవాలు

మెమ్స్ అంటే చిప్పు మీద చెక్కిన అతిచిన్న కదిలే యంత్రాలు. వాటిలో ఒకటైన యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచేది) చిప్పులో కదిలే సిలికాన్ పలకకీ దాని కింది ఎలక్ట్రోడుకీ మధ్య సందు చాలాసార్లు 2 మైక్రాన్లే. పలక కిందికి దిగినప్పుడల్లా ఆ సందులో గాలి నలిగి పక్కలకు పారాలి. అలా పారేటప్పుడు కరిగిపోయే శక్తే డ్యాంపింగ్. పలక నిండా చిల్లులు పెట్టేది ముందుగా ఆమ్లం లోపలికి చేరి కింది ఆక్సైడ్‌ను కరిగించడానికి. అందుకే ఎచింగ్ (ఇలా కరిగించి చెక్కే పని) వాళ్లు చిల్లుల కొలతలు తేల్చేశాక గానీ చాలామందికి డ్యాంపింగ్ గుర్తుకురాదు.

అపోహ: పలకలో ఖాళీ (చిల్లుల వాటా) 20 శాతం ఉంటే చాలు, చిల్లు ఎంత పెద్దదైనా ఒకటే.

నేను ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువ డిజైన్లను చెడగొట్టేదీ ఇదే. గాలికి అడ్డంకులు రెండు. చిల్లు దాకా సందులో పాకాలి, తర్వాత చిల్లు గోడల్ని రాసుకుంటూ పైకి రావాలి. ఖాళీ శాతం అంతే ఉంచి వ్యాసం సగం చేస్తే చిల్లులు నాలుగింతలవుతాయి. సందులో అడ్డంకి నాలుగో వంతుకు పడిపోతుంది. చిల్లుల్లోది మాత్రం మూడు, నాలుగింతలు పెరుగుతుంది.

లెక్క చూడండి. పలక మందం 10 మైక్రాన్లు, సందు 2, ఖాళీ 20 శాతం. 8 మైక్రాన్ల చిల్లులతో వచ్చే డ్యాంపింగ్‌ను 1 అనుకుంటే, 4 మైక్రాన్లకు అది సుమారు 2.5, 16 మైక్రాన్లకు 1.4. చిల్లు మరీ చిన్నదైనా నష్టమే, మరీ పెద్దదైనా నష్టమే.

ఒక్కో చిల్లుకు దాని చుట్టూ ఉన్న గాలిని పంచి లెక్కవేసే పద్ధతి పాతదే. ష్క్వోర్ అనే పరిశోధకుడు 1967లోనే కండెన్సర్ మైక్రోఫోన్ల సందులోని అడ్డంకికి సూత్రం ఇచ్చాడు. అందులో చిల్లు గోడల అడ్డంకి ఉండదు, దాన్ని మనమే కలుపుకోవాలి. ఆ కూడిక మరిచిపోయిన రిపోర్టులు నేను చాలా చూశాను.

అపోహ: పలక పలచన, చిల్లు ఏం అడ్డుపడుతుంది?

2 మైక్రాన్ల పలకలో 4 మైక్రాన్ల చిల్లు తీసుకోండి. గాలి నలువైపుల నుంచి ఒదిగి లోపలికి దూరాలి, అవతల మళ్లీ విచ్చుకోవాలి. ఆ శ్రమ ఇంకో 2.4 మైక్రాన్ల గొట్టంతో సమానం. అంటే అసలు మందం కంటే ఎక్కువ!

అపోహ: మెష్ (కంప్యూటర్ లెక్క కోసం గాలిని చిన్న ముక్కలుగా విడగొట్టే వల) సన్నగా ఉంటే సిమ్యులేషన్ ఫలితం తప్పు కాదు.

గాలి అణువు ఒకసారి ఢీకొన్నాక మళ్లీ ఢీకొనేలోపు సగటున 65-70 నానోమీటర్లు పోతుంది. 2 మైక్రాన్ల సందులో ఆ దూరం లెక్కలోకి తీసుకోవలసినదే, ఎందుకంటే గాలి గోడకు అంటుకోకుండా కొంచెం జారుతుంది. సందులో అడ్డంకి దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. జారడం లేదని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాక మెష్ ఎంత సన్నగా చేసినా ఆ తేడా పోదు.

అపోహ: పీడనం సగం చేస్తే డ్యాంపింగ్ సగమవుతుంది.

కాదు. వాయువు స్నిగ్ధత (పారడానికి అడ్డుపడే జిగట) పీడనంతో దాదాపు మారదు. పైన చెప్పిన 2 మైక్రాన్ల సందులోనే గాలి పీడనం సగం చేస్తే తగ్గేది ఇంకో ఆరో వంతు. పీడనం వందో వంతు దాకా దిగితే గానీ తగ్గుదల దానికి తగ్గట్టు సాగదు.

అపోహ: డ్యాంపింగ్ ఎంత తక్కువైతే అంత మంచిది.

గైరోకు (తిరగడాన్ని కొలిచే మెమ్స్ పరికరానికి) అవును. యాక్సిలరోమీటర్‌కు అది మరీ తక్కువైతే ఒక్క దెబ్బకే పలక చాలాసేపు ఊగుతూ ఉంటుంది. అందుకే రెండూ ఒకే చిప్పులో ఉన్నప్పుడు వాటిని వేర్వేరు గదుల్లో, వేర్వేరు పీడనాల వద్ద సీలు చేసే పద్ధతి ఉంది.