సముద్రపు బురదలో సున్నం లెక్క: అపోహలు - వాస్తవాలు

(సున్నం అంటే ఇక్కడ కాల్షియం కార్బొనేట్. ఎక్కువగా ఫొరామినిఫెరా, కొకోలిథోఫోర్ అనే సూక్ష్మ సముద్రజీవుల పెంకులే.)

అపోహ: యాసిడ్ చుక్కకి బుస్సుమని పొంగితే సున్నం దండిగా ఉన్నట్టే.
పొంగితే ఉన్నట్టు, అంతే. ఎంత ఉందో ఆ పొంగు చెప్పదు.

అపోహ: కోర్ (సముద్రపు అడుగు నుంచి గొట్టంతో తీసిన బురద కడ్డీ) తెల్లగా ఉంటే సున్నమే.
డయాటమ్‌లనే సూక్ష్మ నాచుల సిలికా బురద కూడా ఎండితే తెల్లబడుతుంది. యాసిడ్ పోస్తే ఉలకదు, పలకదు.

అపోహ: కూలోమీటర్ సున్నాన్నే కొలుస్తుంది.
అది కొలిచేది యాసిడ్‌కి వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్‌ని. దాన్ని 8.33తో హెచ్చవేసి సున్నం అంటున్నది మనం. శాంపిల్లో డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న మరో కార్బొనేట్ ఖనిజం) ఉంటే అదీ ఆ లెక్కలో కలిసిపోతుంది.

అపోహ: సున్నం 90 శాతం కాస్తా 80 అయితే, కరిగింది పదో వంతే.
నన్ను ఎక్కువ విసిగించేది ఇదే. 90 పాళ్లు సున్నం, 10 పాళ్లు బంకమట్టి అనుకోండి. మట్టి కరగదు. ఆ 10 పాళ్లే మొత్తంలో 20 శాతం కావాలంటే సున్నం 40 పాళ్లకి పడిపోవాలి. అంటే సగానికి పైగా పోయినట్టు! పైగా ఏమీ కరగకుండానే శాతం తగ్గొచ్చు, నది ఒండ్రు ఎక్కువ తెస్తే చాలు. 2014-15లో ఐఓడీపీ (సముద్రపు అడుగును తవ్వి పరిశోధించే అంతర్జాతీయ కార్యక్రమం) 353వ యాత్రలో బంగాళాఖాతంలో తవ్విన రెండు చోట్లు చూడండి. నైంటీ ఈస్ట్ రిడ్జ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీది యు1443 దగ్గర నీటిలోతు సుమారు 2,900 మీటర్లు, లోతు పెరిగితే సున్నం ఎక్కువ కరగాలి, అయినా ఇక్కడ పుష్కలం. మహానది ఎదుటి యు1446 దగ్గర లోతు అందులో సగమే, అక్కడ మట్టిదే పైచేయి. అందుకే శాతంతో పాటు సాంద్రత, పేరుకునే వేగం కూడా అడుగుతాను.

అపోహ: ఆరబెట్టి తూస్తే చాలు.
పది గ్రాముల తడి బురదలో ఏడు గ్రాములు నీరైతే, ఆరాక మిగిలిన మూడు గ్రాముల్లో పావు గ్రాము ఉప్పే. ఉప్పు తీసేస్తే 50 శాతం సున్నం 54 దాటుతుంది. కడగండి, లేదా లెక్కలో సరిచేయండి.

అపోహ: కోల్డ్ రూమ్‌లో పెట్టిన కోర్ మారదు.
ఏళ్ల తరబడి ఉంచిన ఒక కోర్ తెరిస్తే, నల్లటి పొరల మీద సూదుల్లా మెరిసే పలుకులు కనిపించాయి. గోటితో గీస్తే గీత పడింది. జిప్సం (కాల్షియం సల్ఫేట్)! బురదలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి తగిలి ఆక్సీకరణం చెందితే సల్ఫ్యూరిక్ యాసిడ్ పుడుతుంది. అది సున్నాన్ని తినేసి జిప్సం మిగులుస్తుంది. ఎక్స్-కిరణాలతో మూలకాల్ని కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ స్కానర్‌కి మాత్రం తేడా తెలియదు, కాల్షియం అక్కడే ఉందిగా. ఆ పొరల కొత్త అంకెల్ని పాత గ్రాఫ్‌లో కలపనివ్వలేదు నేను.