కిందకి తిప్పితే పేజీ పైకి గెంతుతోందా? ఫార్మాట్ మాత్రం కొట్టించకండి (మౌస్ స్క్రోల్ వీల్: అపోహలు - వాస్తవాలు)

మౌస్‌లు, కీబోర్డులు రిపేర్ చేయడం నా పని. మౌస్ పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే కంప్లైంట్, కిందకి స్క్రోల్ చేస్తుంటే మధ్యలో టక్కున పైకి గెంతుతోంది అని. ఎవరో ఒకరు వాళ్లకి చెప్పి పంపే కారణం కూడా ఒకటే, "వైరస్ ఎక్కింది". లేదంటే డ్రైవర్ పోయింది, లేదంటే విండోస్ అప్‌డేట్ వల్ల. ఈ మాట విని విని విసుగొచ్చి రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

అపోహ: స్క్రోల్ వెనక్కి గెంతితే వైరస్, సిస్టమ్ ఫార్మాట్ కొడితే సెట్ అయిపోతుంది.

వాస్తవం: కాదు. నా చేతిలో విప్పిన మౌస్‌లలో ఇది దాదాపు ప్రతిసారీ ఎన్‌కోడర్ గొడవే, అంటే వీల్ ఎటు తిరిగిందో పసిగట్టే భాగం. వీల్ ఇరుసు చివర ఆరు పలకలుగా ఉంటుంది చూడండి, అది వెళ్లి దూరేది ఈ ఎన్‌కోడర్ కన్నంలోకే. వేలి గోరంత డబ్బా, మూడు కాళ్లు. లోపల ఒక బిళ్ల, దాని మీద లోహపు గీతలు, ఆ గీతల మీద రాసుకుంటూ పోయే సన్నటి రేకులు. ఒక కాలు కామన్, మిగతా రెండు ఏ, బీ సిగ్నల్స్. ఈ రెండూ ఒకేసారి మారవు, ఒకటి ముందు, ఒకటి కాస్త వెనక. ఏ ముందొస్తే కిందకి అనుకుందాం, బీ ముందొస్తే పైకి. మౌస్‌లో ఉన్న చిప్‌కి దిక్కు తెలిసేది ఈ వరసని బట్టే. రేకు అరిగిపోయో, దుమ్ము చేరి లోపలి గ్రీజు నల్లబడో ఒక సిగ్నల్ సరిగ్గా తగల్లేదనుకోండి, వరస తారుమారై చిప్ "పైకి" అని పంపేస్తుంది. విండోస్ ఆ మాట నమ్మి, డీఫాల్ట్ సెట్టింగ్‌లో ఒక్కో నాచ్‌కి (వీల్ తిప్పుతుంటే వేలికి టక్కున తగిలే మెట్టు) 3 లైన్ల చొప్పున పేజీని పైకి లాగుతుంది. తప్పు మౌస్ లోపలే జరిగిపోయాక విండోస్‌ని ఎన్నిసార్లు కొత్తగా ఎక్కిస్తే ఏం లాభం?

అనుమానం ఉంటే అదే మౌస్‌ని పక్కవాళ్ల కంప్యూటర్‌కి పెట్టి, పెద్ద పేజీ ఏదైనా తెరిచి, మెల్లగా ఒక్కో నాచ్ కిందకి తిప్పండి. అక్కడా గెంతిందంటే మీ సిస్టమ్‌కి ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి.

ఇంత కోపంగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి జూలైలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్ హడావిడిలో ఒక పెద్దాయన వచ్చారు, లెక్కలు రాసే పని ఆయనది. అంతకుముందు ఎక్కడో చూపిస్తే వైరస్ అని చెప్పి ఫార్మాట్ కొట్టేశారంట, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న క్లయింట్ల ఎక్సెల్ షీట్లన్నీ పోయాయి. ఇంటికెళ్లి మౌస్ పెడితే మళ్లీ అదే గెంతుడు. విప్పి చూస్తే ఇరుసుకి ఒక తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది, ఎన్‌కోడర్ అంచున గ్రీజు కాటుకలా నల్లగా ఉంది. పాతది పీకి కొత్తది సోల్డర్ చేయడానికి పావుగంట పట్టింది. "బ్యాకప్ ఏమన్నా ఉందా సార్" అని అడిగితే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ముందే నీ దగ్గరికి రావాల్సింది బాబూ" అన్నారు. నాకు ఆరోజు భోజనం సహించలేదు.

అసలు ఈ చక్రం వెనక కథ కూడా ఎక్సెల్‌దే. 1993లో మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మిచెల్‌మన్ అనే ఆయన, పెద్ద పెద్ద షీట్లలో అటూ ఇటూ తిరగలేక జనం పడే అవస్థ చూసి, జూమ్ చేయడానికి ఒక లివర్ ఉంటే బాగుంటుంది అని మొదలుపెట్టారు. చివరికి చక్రంగా 1996లో ఇంటెల్లిమౌస్‌తో జనంలోకి బాగా వెళ్లింది.

అపోహ: వీల్ టక్ టక్ అని గట్టిగా తిరిగితే చవక మౌస్, మెత్తగా తిరిగితే మంచి మౌస్.

వాస్తవం: ఆ ఫీల్ కావాలని పెట్టేది. మామూలు మౌస్‌లో ఎన్‌కోడర్ లోపలి స్ప్రింగే నాచ్ ఇస్తుంది, చాలావాటిలో చుట్టుకి 24 నాచ్‌లు. గేమ్‌లో స్క్రోల్‌తో గన్ మార్చేవాళ్లకి ఒక్కో నాచ్ విడిగా వేలికి తెలియాలి, లేకపోతే ఒకటి మార్చబోతే రెండు మారిపోతాయి. రోజంతా కోడ్, పెద్ద షీట్లు చూసేవాళ్లకి ఆపకుండా తిరిగేది హాయి. 2019లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3లో రెండూ ఉన్నాయి, అందులో నాచ్ ఇచ్చేది స్ప్రింగ్ కాదు, విద్యుదయస్కాంతం. ఎన్‌కోడర్ మార్చాక "అన్నా, పాత ఫీల్ లేదు" అని చాలామంది అంటారు, నిజమే, స్ప్రింగ్ మారింది కదా. అందుకే ఎత్తు సరిపోయే ఎన్‌కోడర్లు రెండు మూడు కంపెనీలవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పించి చూపిస్తా. ఎత్తు ఒక్క మిల్లీమీటర్ తేడా వచ్చినా వీల్ పక్కకి ఒరిగి రాసుకుంటుంది.

మిగతావి గబగబా. ఖరీదైన మౌస్‌కి ఇది రాదు అంటారు, వస్తుంది, వాటిలోనూ చాలావాటికి ఇదే రకం ఎన్‌కోడర్. రేకుల బదులు కాంతితో పనిచేసే ఆప్టికల్ ఎన్‌కోడర్ అయితే అరుగుడు ఉండదు గానీ వెంట్రుక అడ్డమొస్తే కాంతి ఆగిపోతుంది. మ్యాక్‌లో ఎప్పుడూ ఉల్టా తిరుగుతోందంటే అది రోగం కాదు, 2011 నుంచి వస్తున్న నేచురల్ స్క్రోలింగ్, సెట్టింగ్స్‌లో తీసేయండి. వీల్ నొక్కితే క్లిక్ పడకపోతే దానికి స్విచ్ వేరే, ఎన్‌కోడర్‌ని తిట్టకండి. కొబ్బరినూనె, తుప్పు వదిలించే మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే మాత్రం కొట్టొద్దు, ఆ జిడ్డుకి ఇంకా దుమ్ము పడుతుంది.

ఇంట్లోనే చేసుకుంటా అంటే, ముందు కేబుల్ పీకేయండి, బ్యాటరీ ఉంటే తీసేయండి. స్క్రూలు కనపడకపోతే కింద పాదాల స్టిక్కర్ల వెనక ఉంటాయి. విప్పేటప్పుడు పై మూత గట్టిగా లాగొద్దు, కొన్నిటికి లోపల రిబ్బన్ కేబుల్ ఉంటుంది, తెగుతుంది. వెంట్రుకలు తీసేసి, ఎన్‌కోడర్ అంచులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒకటి రెండు చుక్కలు వేసి వీల్‌ని రెండు వైపులా ఒక నిమిషం తిప్పండి. దగ్గర్లో మంట ఉండకూడదు. పూర్తిగా ఆరాకే బిగించండి. కొన్నాళ్లకి మళ్లీ గెంతడం మొదలైతే రేకులు అరిగిపోయినట్టే, ఇక ఎన్‌కోడర్ మార్పించుకోండి.