టీచరమ్మ పాఠం ఎందుకు ఆపింది?

పిల్లలూ,

విశాఖపట్నంలో వేటకెళ్లేవాళ్ల పేట పెదజాలారిపేటలో మూడో తరగతి చదివే ఒక పాప, బడి తెరిచిన మొదటి వారంలోనే వాళ్ల అన్నయ్య ఫోన్లోంచి నాకో ప్రశ్న పంపింది. "తాతయ్యా, మా కొత్త టీచరు లెక్కలు చెబుతూ చెబుతూ ఆపేసి, బల్ల మీద తల వాల్చుకోండి అంటున్నారు. మా అమ్మేమో 'ఇదేటి చదువు' అంటోంది. అది పాఠమా, సెలవా?"

అమ్మలూ, దీనికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మీ నాన్న మరపడవ కదల్లేదు కదా. 61 రోజులు. తూర్పు తీరమంతా ఇదే లెక్క. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. ఆ రెండు నెలలూ చేతిలో డబ్బులాడక ఎంత ఇబ్బందో మీ అమ్మకు నేను చెప్పక్కర్లేదు. అయినా ఆపుతారు. ఆపకపోతే రేపు వలలో పడడానికి చేపే మిగలదు.

బుర్ర కూడా సముద్రం లాంటిదే. టీచరమ్మ ఒక పాఠం అందులో వదిలిందనుకో, అది చేప. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి వదులుతూ పోతే మొదటిది నిలదొక్కుకోదు. కాసేపు అలజడి లేకుండా ఉంచితే గుడ్లు పెడుతుంది, పిల్లలవుతాయి. మర్నాడు పుస్తకం మూయించి "నిన్న ఏం చెప్పుకున్నాం?" అని వల వేస్తే దొరుకుతుంది. మరి చేపను వదిలిందీ టీచరమ్మే, పట్టేదీ టీచరమ్మేనా? మీరెక్కడ ఉన్నట్టు, పడవలోనా, నీళ్లలోనా? నా పోలిక వల లాగే చిక్కుపడింది. పడనీ, నేను మాత్రం దీన్ని వదలను.

భీమిలి దగ్గర మా ఊళ్లో బడంటే ఒక్క గది, ఒక్క మాస్టారు, అయిదు తరగతులు. పొద్దున ఎక్కాలు మొదలైతే ఒంటికి వదిలేదాకా ఆగేది లేదు. నాకు పదమూడో ఎక్కం దగ్గర కచ్చితంగా కునుకు పట్టేది. గోడకుర్చీ వేయించేవారు. దాంతో నిద్ర పోయింది, ఎక్కం మాత్రం రాలేదు. ఇప్పటికీ ఎవరైనా పదమూడు ఎనిమిదులు అంటే నాకు 104 కంటే ముందు తొడలు గుర్తొస్తాయి.

అన్నీ పడి కూడా, నేను మాస్టారినయ్యాక అదే పని చేశాను. భోజనం అవ్వగానే భాగహారం! పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోవడం నేర్చుకున్నారు. సిలబస్ అవ్వదేమోనని నా టెన్షన్ నాది. 2009 విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలంటుంది. భాగించండి, రోజుకు నాలుగు గంటలు. ఆ గంటలన్నీ నా నోరు ఆడితే చాలనుకునేవాణ్ణి.

తర్వాత్తర్వాత ఒక ఆట మొదలుపెట్టాను. వరసగా అంకెలు చెప్పాలి. మూడో ఎక్కంలో వచ్చే అంకె దగ్గర అంకె చెప్పకుండా "చేప" అని గెంతాలి. ఒకటి, రెండు, చేప, నాలుగు, అయిదు, చేప. ఎవరైనా తప్పితే అందరూ మళ్లీ ఒకటి నుంచి. ముప్పై దాకా తప్పకుండా వెళ్లిన రోజు ఆ గోలకి పక్క గది టీచరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పిల్లలకి మంచి విశ్రాంతి ఇచ్చానని మురిసిపోయాను. కాదు, అది వల బాగుచేయడం. వేట లేని రోజుల్లో మీ పేటలో తాతలు ఇసుకలో కూర్చుని తెగిన వలకళ్లు కలుపుతూ ఉంటారు కదా. చూసేవాళ్లకి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది, వాళ్ల వేళ్లనడిగితే తెలుస్తుంది. అదే తాత మధ్యాహ్నం పడవ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుంటాడు. అది విశ్రాంతి. రెండూ కావాలి గానీ రెండూ ఒకటి కాదు. పిల్లలు ఊపిరి పీల్చుకునే కాస్త వ్యవధిలో కూడా ఎక్కాలు దూర్చే మాస్టార్లంటే నాకిప్పుడు భయం. మీ టీచరమ్మ తల వాల్చుకోమన్నాక ఇంకేమీ అడగడం లేదు చూశావా, అది నాకు నచ్చింది. మీరు మాత్రం ఆ రెండు నిమిషాలూ పక్కవాణ్ణి గిల్లకండి.

తల వాల్చుకుంటే లోపల ఏం జరుగుతుందంటావా? పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో సర్దుకుంటుందని శాస్త్రజ్ఞులు అంటారు. రాత్రి ఎంత చదివినా రాని పద్యం, పొద్దున పళ్లు తోముకుంటుంటే దానంతటదే నోట్లోకి రావడం మీకూ జరిగే ఉంటుంది. డెబ్బై ఏళ్లొచ్చినా నాకది వింతగానే ఉంది.

ఈ ఆదివారం నాన్న చెయ్యి పట్టుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. వేట మొదలైనా వలలు చిరుగుతూనే ఉంటాయి, కుట్టేవాళ్లు ఉంటారు. ఒకాయన పక్కన కూర్చోండి, మాటల్లో పెట్టకండి. ఎన్ని ముడులు వేశాక చెయ్యి ఆపుతాడో లెక్కపెట్టండి. ఆపినప్పుడు ఎటు చూస్తాడో కూడా చూడండి. ఆ అంకె నాకు రాయండి. మూడో ఎక్కంలోదైతే అంకె వద్దు, "చేప" అని రాస్తే చాలు.

మీ
మాస్టారు తాతయ్య