నార్వే హెరిటేజ్ సైట్లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను బెర్గెన్‌లో ఉంటా, మనవాళ్ళు నార్వే వస్తే ట్రిప్ ప్లాన్ చేసి దగ్గరుండి తిప్పడం నా పని. ప్రతి సమ్మర్‌లోనూ అవే ప్రశ్నలు, ఒకసారి రాసి పెడితే నా గొంతుకి కాస్త రెస్టు దొరుకుతుందని ఇది.

అపోహ: ఫోటోల్లో ఫేమస్ అయినవన్నీ యునెస్కో లిస్టులో ఉంటాయి.

ఉండవండీ. కొండ అంచున బల్లపరుపు బండ ప్రేకెస్టోలెన్, నాలుకలా బయటికొచ్చిన ట్రోల్‌టుంగా, లోఫోటెన్ దీవులు, ఒక్కటీ లేదు. ఓస్లో సిటీలో కూడా ఏమీ లేదు. దేశం మొత్తానికి 8 ఉంటే అందులో ప్రకృతి కోటాలో వచ్చింది ఒకటే, గెయిరాంగర్, నేరోయ్ ఫ్యోర్డులు కలిపి, 2005లో. మిగతావన్నీ మనుషులు చేసిన పనికి వచ్చినవి.

అపోహ: ఫ్యోర్డ్ అంటే మన పాపికొండలే కదా.

చూడ్డానికి అవును, నాకూ మొదటిసారి అదే అనిపించింది. కానీ గోదావరి నది, ఇది సముద్రం. హిమనదాలు కొండని తొలిచేసి వెళ్ళిపోతే ఆ లోయలోకి సముద్రం వచ్చి కూర్చుంది. గోడల్లాంటి ఆ కొండలు నీళ్ళ మీద 1,400 మీటర్ల దాకా లేస్తాయి, నేరోయ్ మరీ సన్నగా ఉండేచోట వెడల్పు 250 మీటర్లే. నేరోయ్ చివర ఉన్న గుడ్వాంగెన్ ఊళ్ళో ఒక పెద్దాయన నమ్మక, ఒడ్డున వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని "ఉప్పగానే ఉందమ్మా" అన్నారు.

అపోహ: బ్రిగ్గెన్ ఇళ్ళు 900 ఏళ్ళ నాటివి.

బెర్గెన్ రేవులో వరసగా ఎర్రగా పచ్చగా ఉండే ఆ చెక్క ఇళ్ళు 1702లో మొత్తం తగలబడ్డాయి, ఇప్పుడున్నవి ఆ తర్వాత పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టినవి, 62 మిగిలాయి. జర్మన్ వర్తకులు ఇక్కడ ఎండుచేపల వ్యాపారం చేసేవాళ్ళు. ఉప్పు వెయ్యకుండా చలిగాలికి ఆరబెట్టిన చేప అంటే కాకినాడ నుంచి వచ్చిన ఆంటీ అస్సలు ఒప్పుకోలేదు, ఉప్పు లేకపోతే పురుగు పట్టదా అని ఒకటే వాదన. మంటల భయంతో ఇళ్ళల్లో పొయ్యి వెలిగించనిచ్చేవాళ్ళు కాదు, వంటా చలికాచుకోవడమూ వెనకాల వేరే గదుల్లో, పనికుర్రాళ్ళు మాత్రం ఆ చలిలోనే పడుకునేవాళ్ళు. అందరూ ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు, అసలు మజా వెనక సందుల్లో ఉంది, నేల చెక్క, గోడ చెక్క, రెండు పక్కలా ఇళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. సందుల్లో తిరగడానికి టికెట్ కూడా లేదు, యునెస్కో అంటే టికెట్లు వాచిపోతాయనుకునేవాళ్ళకి చెప్తున్నా.

అపోహ: ఫ్యాక్టరీ ఊళ్ళు టైమ్ వేస్ట్.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. యునెస్కో లిస్టులోనే ఉన్న ర్యూకాన్ ఊళ్ళో చలికాలం అంతా, దాదాపు ఆరు నెలలు, సూర్యుడు కొండ దాటి రాడు, అందుకని 2013లో పైన 3 పెద్ద అద్దాలు పెట్టి ఎండని ఊరి నడిబొడ్డుకి మళ్ళించారు. ఇంత చీకటి లోయలో ఊరెందుకంటే జలపాతం కోసం. ఆ నీళ్ళతో కరెంటు తీసి, కరెంటు మంటతో గాలిలోని నైట్రోజన్‌ని పట్టి ఎరువు చేశారు. ఒక రైతు అంకుల్ ఫస్ట్ "ఇంత దూరం వచ్చి ఇదా" అని విసుక్కున్నారు, గాలిలోంచి ఎరువు బస్తా అనగానే వేమోర్క్ పవర్ హౌస్‌లో టర్బైన్ల చుట్టూ గంట సేపు తిరిగారు, భోజనానికి పిలిచినా రాలేదు. 1911లో మొదలైనప్పుడు ప్రపంచంలో ఆ పవర్ హౌసే పెద్దది. 1943లో నార్వే కమాండోలు జర్మన్ల చేతిలో ఉన్న హెవీ వాటర్ (అణు ప్రయోగాలకి వాడే భారజలం) ప్లాంట్‌ని పేల్చింది కూడా అక్కడే.

అపోహ: చలికాలం వస్తే నార్తర్న్ లైట్స్, హెరిటేజ్ రెండూ కవర్ అయిపోతాయి.

మొదట్లో నేనూ ఇలాగే ఫిబ్రవరిలో ఒక ఫ్యామిలీని ఆల్టా తీసుకెళ్ళా, సుమారు 7,000 ఏళ్ళ నాటివి కూడా ఉన్న రాతి చెక్కడాలు, రెయిన్‌డీర్లు, ఎలుగులు, పడవలు, అన్నీ మంచు కిందే! మ్యూజియం లోపలే తిరిగి వచ్చేశాం. గెయిరాంగర్ పైకెళ్ళే కొండ రోడ్డూ అప్పుడు మూసేస్తారు, నేరోయ్‌లో మాత్రం బోటు ఏడాది పొడవునా ఉంటుంది.

నిజంగా 900 ఏళ్ళ కర్ర చూడాలనుంటే ఊర్నెస్ చర్చికి రండి, అదీ వేసవిలోనే. సోల్వోర్న్ అనే ఊళ్ళో ఫెర్రీ ఎక్కి, దిగాక పైకి నడవాలి. లోపలికి దూరే ముందు ఉత్తరం గోడ దగ్గర ఆగండి, సింహంలాంటి జంతువొకటి పాముని కొరుకుతుంటే ఆ పాము తిరిగి దాన్ని కొరుకుతూ ఉంటుంది, అది అంతకుముందు ఉన్న చర్చి నుంచి తీసి పెట్టిన చెక్క.