మా బరంపురం సినిమాహాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం బజారులో నేను ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేసిన హాలు ఇప్పుడు లేదు. అక్కడ బట్టల కొట్లు వెలిశాయి. ప్రొజెక్టర్లుండే క్యాబిన్ గోడ మాత్రం మిగిలింది. దానికి ఎత్తులో నాలుగు చదరపు కంతలుంటాయి.

“అవి గాలి కోసం పెట్టినవి” అంటారు కొట్లలో కుర్రాళ్లు. కాదు బాబూ. రెండు ప్రొజెక్టర్లకు రెండేసి కంతలు. ఒకటి వెలుగు పోవడానికి, ఇంకోటి మేం తెర చూసుకోవడానికి. రీలు అయిపోవస్తుంటే బొమ్మ కుడివైపు పై మూలన చుక్క మెరుస్తుంది. వెంటనే రెండో మెషిన్ మోటారు వేయాలి. ఏడు సెకన్లకు మరో చుక్క పడగానే మార్చాలి.

“బొమ్మ మసకబారిందంటే ఆపరేటర్ నిద్రపోయాడు.” ఈ మాటకు ఇప్పటికీ బాధేస్తుంది. అప్పట్లో దీపమంటే రాగిపూత పూసిన రెండు కార్బన్ కడ్డీలు. వాటి కొనల మధ్య నిప్పు వెలుగుతూ ఉంటే కడ్డీలు అరుగుతూ పోతాయి. ఎడం పెరిగితే వెలుగు తగ్గుతుంది. అందుకే నల్లద్దంలోంచి చూస్తూ మరను కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉండాలి. ఎండాకాలం మ్యాట్నీకి బనీను పిండితే నీళ్లు కారేవి. అందులో నిద్రెక్కడిది?

“పాట కోసేశారు” అని నేల టికెట్టు వాళ్లు గోల చేసేవారు. ప్రింటు, అంటే సినిమా రీళ్లు, ఎన్నో ఊళ్లు ఆడాకే మా దగ్గరికొచ్చేది. ఫిల్ము అంచుల్లోని చిల్లులు చిరిగినచోటల్లా కోసి అతికించక తప్పదు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్క అతుకులో పన్నెండు పోతే అర సెకను పాట పోయినట్టే.

“ఒడిశాలో తెలుగు సినిమాలేమిటి?” అని బయటివాళ్లు అడుగుతారు. 1936 ఏప్రిల్ 1 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం పక్కనే. మా హాల్లో తెలుగువాళ్లూ ఒడియా వాళ్లూ పక్కపక్కనే కూర్చుని చూసేవారు.

ఇక “టీవీ వచ్చి హాలును చంపేసింది” అన్నది. జనం తగ్గిన మాట నిజమే, కానీ టీవీ వచ్చాక కూడా మేం ఏళ్ల తరబడి ఆడించాం. 2010 తర్వాత కొన్నేళ్లకే ప్రింట్లు రావడం ఆగిపోయింది. డిజిటల్ మెషిన్‌కు పెట్టే డబ్బుకన్నా బజారులో స్థలానికొచ్చే అద్దె నయమనిపించింది ఓనరుగారికి. ఆయన్ని తప్పుపట్టలేను. రెండు ప్రొజెక్టర్లనూ తూకానికి వేశారు. ఒక లెన్సు మాత్రం అడిగి తెచ్చుకున్నాను. పిల్లలెవరైనా వస్తే గోడ మీద బొమ్మ వేసి చూపిస్తాను.