చెట్టుకి పట్టిన తెగులు కాదండీ అది: లైకెన్లు, మన గాలిపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చెట్ల బెరడు మీద బూడిద రంగు మచ్చలు చూపించి ఇవి లైకెన్లు అనగానే ‘చెట్టు చచ్చిపోతుందా?’ అని అడుగుతారు. చావదు. లైకెన్ అంటే ఒక ఫంగస్, ఒక ఆల్గే కలిసి చేసే కాపురం. వేర్లు ఉండవు, చెట్టు నుంచి తిండి లాక్కోదు. నీళ్లూ పోషకాలూ వాన నుంచి, గాలి నుంచి, దుమ్ము నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలిలోని సీసం లాంటి లోహాలు కూడా అందులో పేరుకుంటాయి. లైకెన్లని చూసి గాలి సంగతి తెలుసుకునే మాకు పనికొచ్చేది ఆ గుణమే. దయచేసి గోకేయకండి.

అపోహ: లైకెన్లు కనిపిస్తే గాలి శుభ్రం.

అన్నిటికంటే ఎక్కువ తప్పుదారి పట్టించేది ఇదే. 1866లో నైలాండర్ అనే లైకెన్ల శాస్త్రవేత్త పారిస్ లక్సెంబర్గ్ తోటలో లైకెన్లకీ గాలికీ సంబంధం ఉందని రాశాడు, 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్, వేల్స్‌కి లైకెన్లతో గాలిని అంచనా వేసే ఒక స్కేలు తయారుచేశారు, కానీ అది సల్ఫర్ ఉన్న ఇంధనం కాలిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ని కొలవడానికి. మన రోడ్ల మీద అసలు బాధ వాహనాల పొగ, దుమ్ము. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే వాహన కాలుష్య నిబంధనల ప్రకారం పెట్రోలు, డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) దాటకూడదు, కాబట్టి ఆ స్కేలు మనకి అంతగా సరిపోదు. పైగా నైట్రోజన్ కాలుష్యం, దుమ్ము ఉన్నచోట హాయిగా పెరిగే రకాలున్నాయి. పిక్సిన్ కోకోస్ అనే లైకెన్ ఊళ్లలో మామిడి చెట్ల మీద కూడా బతికేస్తుంది. అందుకని ఎన్ని ఉన్నాయని కాదు, ఏవి ఉన్నాయని చూడాలి. పొదలా వేలాడే రకాలు లేవని కంగారు పడొద్దు, మన ఎండలకి అవి మామూలుగానే అరుదు.

అపోహ: లైకెన్లు కనిపించకపోతే కాలుష్యమే.

జామ, యూకలిప్టస్ బెరడు పొరలుగా రాల్చేస్తాయి, ఇక లైకెన్ ఎక్కడ నిలుస్తుంది? రోడ్డు పక్క చెట్లకి సున్నం, ఎర్రరంగు పూస్తారు, అక్కడా అంతే. పోల్చాలంటే ఒకే జాతి, దాదాపు ఒకే లావు ఉన్న, నిటారు చెట్లు ఎంచుకుని, ఛాతీ ఎత్తులో నాలుగు వైపులా గళ్ల చట్రం పెట్టి ఏ రకం ఎన్ని గళ్లలో ఉందో రాసుకోండి. కాస్త నీళ్లు చల్లి లెన్స్‌తో చూడండి, బూడిద రంగు కాస్తా పచ్చబడుతుంది, లోపలి ఆల్గే రంగది.

సనత్‌నగర్‌లో గాలి నాణ్యత కొలిచే మెషీన్‌కి బదులు ఇవి చాలవు. నిన్నటి పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) ఎంతో లైకెన్ చెప్పదు. ఏళ్ల తరబడి ఏం పడిందో చెబుతుంది.

బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, నిజమే. అలా అని రోడ్డు పక్క చెట్టువి ఒలిచి వంటలో వేయకండి, లోహాలు పేరుకునేది వాటిలోనే.