సైకిల్ చక్రం అవుట్: అపోహలు, వాస్తవాలు

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే సైకిల్ తొక్కేవాళ్లు రిపేరుకు వచ్చినప్పుడు ఎక్కువగా చెప్పే మాట: “చక్రం అటూ ఇటూ ఊగుతోంది, రిమ్ము బ్రేకు రబ్బరుకు తగులుతోంది.” మేం దాన్నే అవుట్ అంటాం. దాని గురించి తప్పుడు నమ్మకాలు చాలానే ఉన్నాయి.

అపోహ: రిమ్ము వంగిపోయింది, మార్చాల్సిందే.
చాలాసార్లు రిమ్ము బాగానే ఉంటుంది, స్పోకుల టెన్షన్‌లోనే తేడా. మొదట చక్రాన్ని పట్టుకుని పక్కకు ఊపండి. హబ్బులో (చక్రం నడిమి భాగం) కోన్లు, అంటే బేరింగు గుళ్లను పట్టి ఉంచే బిళ్లలు, వదులైనా ఇలాగే ఊగుతుంది.

అపోహ: అవుట్ తీయడమంటే స్పోకులు బిగించడమే.
రిమ్ము ఎడమకు జరిగితే, అక్కడ హబ్బు కుడి అంచు నుంచి వచ్చే స్పోకులు బిగించాలి, ఎడమవి అంతే వదులు చేయాలి. ఒక్కోసారి పావు చుట్టు చాలు. బిగించుకుంటూనే పోతే అక్కడ రిమ్ము లోపలికి దిగి, చక్రం గుండ్రం తప్పుతుంది. తిప్పేది నిపులును, అంటే స్పోకు చివర రిమ్ము దగ్గర ఉండే చిన్న నట్టును. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశే బిగింపు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

అపోహ: ఎక్కువ బిగించబట్టే స్పోకులు విరుగుతున్నాయి.
నేను గట్టిగా కాదనేది దీన్నే. స్పోకులు తరచూ విరిగేది వదులు చక్రంలోనే. చక్రం తిరుగుతుంటే నేల వైపుకు వచ్చిన స్పోకులో టెన్షన్ తగ్గుతుంది, దాటగానే మళ్లీ పెరుగుతుంది. బిగువు చాలకపోతే అది పూర్తిగా సడలి, మళ్లీ లాగుకుంటుంది. వేలసార్లు అలా జరిగాక లోహం అలసిపోతుంది. విరిగిన ముక్క చూడండి, ఎక్కువగా హబ్బు దగ్గరి వంపులోనే తెగి ఉంటుంది. ఒక స్పోకు విరిగిందంటే అదొక్కటే మార్చి పంపేయకూడదు, మిగతావన్నీ వేలితో మీటి వినాలి. ఒకే వైపు స్పోకులు దాదాపు ఒకేలా ‘టింగ్’మనాలి. ‘డబ్’మన్నది వదులు. గేర్ల సైకిల్ వెనక చక్రంలో మాత్రం గేర్ల వైపు బిగువు ఎక్కువ ఉండాలి. రెండు వైపులా సమానం చేస్తే రిమ్ము ఫ్రేము మధ్యలో నిలవదు.

అపోహ: నూనె వేస్తే స్పోకులు వదులైపోతాయి.
మన ఊళ్లో నూనె వేయకపోతేనే నష్టం. ఉప్పుగాలికి నిపుళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. వాటిని పానాతో బలవంతంగా తిప్పితే నిపులు అంచులు అరుగుతాయి, లేదా స్పోకే మెలిపడుతుంది. ముందు రోజు రాత్రి నిపులు మొదట్లో ఒక్కో చుక్క వేసి వదిలేయండి. రిమ్ముకు బ్రేకు రబ్బరు పట్టే చోట మాత్రం పడనివ్వకండి.

అపోహ: ఎంత వంకరైనా స్పోకులతో లాగేయొచ్చు.
గుంతలో పడి రిమ్మే వంగితే కుదరదు. అవుట్ తీశాక ఆ చోట కొన్ని స్పోకులు వేలాడుతూ, పక్కవి మరీ బిగుసుకుని ఉంటే రిమ్ము పోయినట్టే. అప్పుడు కొత్తది వేయించుకోండి. హబ్బు బాగుంటే పాతదే ఉంచొచ్చు, రిమ్ముకు అన్నే రంధ్రాలు ఉండాలి. పాత నల్ల సైకిళ్లకు మామూలుగా ముందు 32, వెనక 40.